మూత మీది నెంబరు

మార్చి 4

"మీరొచ్చేదాకా ఒక్క సంచీ కూడా విప్పను బావా, సరేనా?" అన్నాడు మా బావమరిది. నలభై ఒక్కేళ్ళ కిందటి మాట. పైన్ తోటలో నిచ్చెన మీద నిలబడి, చెయ్యెత్తి మరీ అన్నాడు. ఎనిమిదో రోజుకల్లా కాయలకి తొడిగిన నలభై రెండు సంచులూ విప్పేసి, ఉతికి, తీగ మీద ఆరేశాడు. ఆరెయ్యడం మాత్రం చక్కగా ఆరేశాడు, వరస తప్పకుండా.

ఈ సంగతి ఇవాళ గుర్తొచ్చింది అని రాయబోయి ఆగాను. గుర్తు రావడానికి ముందు మరిచిపోవాలి కదా.

పొద్దున్న పరిశోధన కేంద్రం నుంచి ఒక పిల్ల వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. బురద బూట్లతో ముందుగదిలోకి వచ్చేసి, మా ఆవిడ చూసిన చూపుకి మళ్ళీ గుమ్మం దాకా వెళ్ళి విప్పి వచ్చింది. నేను ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేసిన కేంద్రం అది. ఇప్పుడు దాన్ని జనం తిరిగే పార్కు చేస్తారట. చెట్ల ముందు బోర్డులు పెట్టి, 'పైన్ నుంచి పువ్వు దాకా' అని ఒక నడకదారి వేస్తారట. విత్తనాల మొక్కలు పిల్లల్ని ఎలా కంటాయో నడుస్తూ చదువుకోవాలి. బోర్డుల మీది మాటలు ఈ పిల్లే రాసింది. నన్ను దిద్దమంది.

"నేను బతికే ఉన్నానని ఎవరు చెప్పారు?" అన్నాను.

"చాలామంది చెప్పారు సార్. జాగ్రత్తగా మాట్లాడమని కూడా చెప్పారు."

కొంచెం నచ్చింది.

రెండో పని చెప్పడానికి నీళ్ళు నమిలింది. ఆరో మడిలో చెట్లు ఉంచాలా కొట్టెయ్యాలా తేల్చాలట. ఆకు తీసుకుని తల్లి ఎవరో తండ్రి ఎవరో చెప్పేసే పరీక్ష ఉందట. దానికి నా పాత నోటు పుస్తకాలు కావాలి.

ఆరో మడి నేను చేసిన సంకరం. తల్లి నాలుగో నెంబరు చెట్టు. తండ్రి పదకొండో నెంబరు, కొలబద్ద పాతినట్టుండే చెట్టు. పిల్లలు కూడా అలాగే రావాలి. ఏడేళ్ళు పెరిగాక చూస్తే రెండొందల మొక్కలూ నడుం పట్టేసిన వాళ్ళలా నిలబడ్డాయి. అప్పటి డైరెక్టరు నలుగురి ముందూ నవ్వాడు. ఆ మడికి 'వంకర తోట' అని పేరు పెట్టింది ఆయనే. చచ్చి పదేళ్ళయినా ఆయన ఆ నవ్వు నవ్వుతూనే ఉన్నాడు.

నేను నివేదిక రాశాను. సంచులు గడువుకి ముందే విప్పినందువల్ల గాలిలో వచ్చిన బయటి పుప్పొడి పడి సంకరం చెడిపోయింది, బాధ్యుడు ఫలానా. ఫలానా అంటే మా ఆవిడ తమ్ముడు. నా సిఫార్సుతో చేరాడు, నా నివేదికతో ఇంటికి పోయాడు. ఆ తర్వాత ఊరి చివర పూలమొక్కల నర్సరీ పెట్టుకున్నాడు. గులాబీల దొర అయ్యాడు. ముప్పై ఒక్కేళ్ళుగా నేను వాడి మొహం చూడలేదు.

నేను పగ పట్టే మనిషిని కాను. జ్ఞాపకశక్తి ఉన్న మనిషిని, అంతే.

మార్చి 6

బోర్డులు దిద్దడం మొదలుపెట్టాను. మొదటి వాక్యం: 'పువ్వు ప్రకృతి మనకిచ్చిన అందమైన కానుక.' కొట్టేశాను. ఏ పువ్వూ మనకి ఏదీ ఇవ్వలేదు. మనం దాని లెక్కలోనే లేము.

పువ్వు అంటే బజారులో కొట్టు. రంగు బోర్డు, సెంటు వాసన, లోపలికొస్తే ఒక చుక్క తేనె. తేనె తాగి పోయే తేనెటీగ వీపుకి తెలియకుండా పుప్పొడి పూసి పక్క కొట్టుకి పంపడం. ఇంత ఆర్భాటం చేసి, విత్తనం కాబోయేదాన్ని నాలుగు గోడల అండాశయంలో పెట్టి తలుపేసుకుంటుంది. పుప్పొడి గడప మీద పడి, కిందకి గొట్టం తవ్వుకుంటూ పోవాలి. ఆ గొట్టంలో మగకణాలు రెండు వస్తాయి. ఒకటి పిల్ల కోసం, రెండోది పిల్ల తినే తిండి కోసం. అంటే పిల్ల ఖాయమైతే తప్ప పువ్వు పొయ్యి వెలిగించదు. గుమాస్తా బుద్ధి.

పైన్ చెట్టుకి ఈ వేషాలు లేవు. పుస్తకాల్లో శంకువు అంటారు, తోటలో మేం కాయ అనే అనేవాళ్ళం. మగ కాయలు కింది కొమ్మల మీద, ఆడ కాయలు పై కొమ్మల మీద. మగ కాయ పగిలితే గాలి పసుప్పచ్చగా మారుతుంది. ఒక్కో రేణువుకి రెండు గాలి బుడగలు, వలస పోయేవాడి చంకల్లో మూటల్లా. ఆడ కాయ తన పొలుసులు కొంచెం తెరిచి, ఒక్కో అండం దగ్గర ఒక్కో జిగట చుక్క పెట్టుకుని కూర్చుంటుంది. రేణువు చుక్కలో పడితే చుక్కతో పాటు లోపలికి లాక్కుంటుంది. పొలుసులు మూసుకుంటుంది. ఆ తర్వాత పదమూడు నెలలు ఏమీ జరగదు. అవును, పదమూడు. రేణువు లోపలుంటుంది, అండం లోపలుంటుంది, పెళ్ళి ఉండదు. ఈలోగా తల్లి మాత్రం పుట్టబోయే పిల్లకి తిండి కూడబెడుతూనే ఉంటుంది. పిల్ల పుడుతుందో లేదో తెలియకుండానే. పువ్వులకి ఆ మర్యాద ఎక్కడిది?

ఆ పిల్ల నాలుగు వాక్యాలు రాసిన చోట నేను రెండు పేజీలు రాశాను. బోర్డు పెద్దది చేసుకోమను.

మార్చి 7

పుస్తకాలు దింపాను. అటక మీంచి దింపుతుంటే మా ఆవిడ కుర్చీ పట్టుకుంది.

నా చేతిరాత ఎంత బాగుండేదో! పని పద్ధతి కూడా రాసి పెట్టుకున్నాను. ఆడ కాయలు తెరుచుకోకముందే గుడ్డ సంచులు తొడగాలి, దారిన పోయే పుప్పొడి ఏదీ పడకుండా. కావలసిన తండ్రి చెట్టు నుంచి పుప్పొడి తెచ్చి, సీసాల్లో పోసి, మూతలు తీసి కిటికీ దగ్గర ఆరబెట్టాలి. కాయలు తెరుచుకున్న రోజున సిరంజితో సంచీలోకి ఆ పొడి ఊదాలి. కాయలు మూసుకున్నాక సంచీ తియ్యాలి. రెండేళ్ళ తర్వాత విత్తనం. మొక్క చెట్టయి తన గుణం చూపించడానికి మరో ఏడెనిమిదేళ్ళు. ఈ పనిలో ఇవాళ చేసిన తప్పు పదేళ్ళకి బయటపడుతుంది. అందుకే మనిషి మొదటి రోజు నుంచీ కచ్చితంగా ఉండాలి. నేను ఉన్నాను.

ఉదాహరణకి, సీసా నెంబరు మూత మీదే రాయాలని నియమం పెట్టింది నేను. సీసా మీద రాస్తే చెమట చేతులకి చెరిగిపోతుంది. గులాబీల దొర అప్పట్లో అనేవాడు, "రెండు చోట్లా రాద్దాం బావా, పోయేదేముంది?" అని. రెండు చోట్ల రాసేవాడు ఒక చోటా శ్రద్ధగా రాయడని చెప్పి నోరు మూయించాను.

మార్చి 9

మా ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. నెలకోసారి వెళ్తుంది. ముప్పై ఒక్కేళ్ళ నుంచీ. ఆవిడ నోట్లో మిగిలినవి పదకొండు పళ్ళు. వచ్చేటప్పుడు చేతిసంచీలో గులాబీ మొక్క ఉంటుంది. గొప్ప డాక్టరు.

మార్చి 11

ఆ పిల్ల మళ్ళీ వచ్చింది. నేను దిద్దిన కాగితాలు చూసి, "సార్, బోర్డు మీద 'గుమాస్తా బుద్ధి' అని రాస్తే గుమాస్తాలు గొడవ చేస్తారు" అంది. చెయ్యనీ.

నోటు పుస్తకాలు ఇస్తూ షరతు పెట్టాను. పరీక్షలో తేలింది తేలినట్టు ఆరో మడి బోర్డు మీద రాయాలి. ఈ సంకరం ఎవరు చేశారు, ఎవరు చెడగొట్టారు, రెండూ.

"గాలికి పడిందని ఎలా తెలుస్తుంది సార్?" అని నన్నే పరీక్షించింది.

"గాలి ఒక్క చెట్టు మీంచే వస్తుందా తల్లీ? గాలికొచ్చిన పుప్పొడి అయితే పది రకాల తండ్రులు తేలతారు. నేను ఊదిన పదకొండు కొన్నిట్లో, దారిన పోయేవి కొన్నిట్లో."

"అదే నాకూ అర్థం కాలేదు. పదకొండు కొన్నిట్లో ఉంటే ఆ కొన్ని చెట్లయినా నిటారుగా ఉండాలి కదా? రెండొందలకి రెండొందలూ వంకరే."

చదువు ఎక్కువైతే ఇలాంటి ప్రశ్నలే వస్తాయి. అదే చెప్పాను. నవ్వి, టీ తాగి పోయింది.

అది పోయాక మా ఆవిడ కప్పులు తీస్తూ నిలబడిపోయింది. "ఆ పరీక్షతో నిజంగా తేలిపోతుందా?" అంది.

"తేలిపోతుంది. తేలాక నీ తమ్ముణ్ణి వచ్చి ఈ ముందుగదిలో నిలబడి తప్పయిందని చెప్పమను. గతం గతః అనేస్తాను."

"వాడిది కాదని తేలితే?"

ఈ ఇంట్లో ఆ మాట అనడం ఇదే మొదటిసారి. ముప్పై ఒక్కేళ్ళు అద్దెకున్నవాళ్ళు మొదటిసారి కుళాయి బాగాలేదని చెప్పినట్టు, మెల్లగా అంది.

"కాదని తేలితే నేనే వాడి గుమ్మం ఎక్కి ఆ మాట చెప్పి వస్తాను. సరేనా?"

"మాటేనా?"

"మాటే. మీ వంశం మాట లాంటిది కాదు."

కప్పులు తీసుకుని లోపలికి పోయింది. పంపు చాలాసేపు తిప్పి ఉంచింది.

మార్చి 12

వాడికి ఉత్తరం రాసి సిద్ధంగా పెట్టాను. ఫలితం రాగానే పంపడానికి. 'చిరంజీవి బావమరిదికి' అని మొదలుపెట్టి, చిరంజీవి కొట్టేశాను. నాలుగు పేజీలొచ్చింది. రెండో పేజీ బాగా కుదిరింది. విశ్వాసఘాతకుల చరిత్ర మొత్తం క్లుప్తంగా చెప్పి చివరికి వాడి దగ్గరికి తెచ్చాను.

మార్చి 15

ఉత్తరం మళ్ళీ చదివాను. మూడో పేజీకి పదును చాల్లేదు. దిద్దాను.

మార్చి 22

ఫలితం రాలేదు. పదమూడు నెలలు పట్టదు కదా అని ఫోనులో అడిగాను. ఆ పిల్ల జోకు అర్థం చేసుకుంది. అర్థం చేసుకునేవాళ్ళు తక్కువ.

మార్చి 29

వచ్చింది. మా ఆవిడ ఇంట్లో లేని వేళ వచ్చింది, ఒక అదృష్టం.

ఆ పిల్ల కాగితం నా ముందు పెట్టి కుర్చీ అంచున కూర్చుంది. "సార్, ముందు తల్లి సంగతి. అన్నిటికీ నాలుగే. మీరు రాసినట్టే."

"తండ్రులెంతమంది?"

"ఒక్కరే."

"పదకొండా?"

"కాదు సార్. పదిహేడు. రెండొందల చెట్లకీ పదిహేడే."

పదిహేడో నెంబరు చెట్టు నాకు తెలియనిదా? జిగురు బాగా కారుతుందని ఉంచిన వంకర చెట్టు. దాని పుప్పొడి కూడా ఆ వారం కిటికీలో ఆరుతోంది, తర్వాత చేద్దామనుకున్న ఇంకో సంకరానికి. పదకొండు పక్కనే.

"గాలి అయితే ఒక్కటే ఎందుకవుతుంది సార్" అంది ఆ పిల్ల, అడుగుతున్నట్టు కాకుండా. "సంచీలు ఎప్పుడు విప్పినా దీనికి సంబంధం లేదు. ఊదిందే పదిహేడు."

మూత మీద పదకొండని ఉంది, నేను చూశాను, అన్నాను. మూత మీద ఉంది సరే, సీసా మీద ఏముంది, అని ఆ పిల్ల అడగలేదు. అడిగి ఉంటే తిట్టి పంపేవాణ్ణి. అడగకుండా బూట్లు వేసుకుంది.

మార్చి 30

పరీక్ష తప్పు.

మార్చి 31

పరీక్ష తప్పయి ఉండదు. మూడు సార్లు చేశారట. కానీ సీసాలు మార్చింది వాడు కాదని ఎవరు చెప్పారు? ఆరబెట్టే గదికి తాళం ఉండేది. తాళం నా దగ్గర ఉండేది. నా దగ్గరే ఉండేది. కిటికీ ఉంది కదా. కిటికీలోంచి చెయ్యి పెట్టి మూతలు మార్చొచ్చు. దేనికి మారుస్తాడు? ద్రోహానికి కారణం ఉండాలా?

ఆ రోజు పేజీ తీశాను. 'ఉదయం 10. మూతలు బిగించితిని. కాయలు తెరుచుకొనినవి. 11.30 కల్లా నలభై రెండింటికీ పొడి ఊదుట పూర్తి.' చేతిరాత అన్ని పేజీల్లోలా లేదు.

ఆ రోజు పది గంటలకి ఆఫీసులో ఫోను మోగింది. ఆ సంగతి రాయను.

ఏప్రిల్ 1

మా ఆవిడ, "ఫలితం ఇంకా రాలేదా?" అంది. రాలేదన్నాను.

ఏప్రిల్ 2

ఆ పిల్ల బోర్డు సంగతి అడగడానికి ఫోను చేస్తే ఎత్తింది మా ఆవిడ. ఫలితం కూడా విన్నది. అంతే. అరవలేదు, ఏడవలేదు. చెప్పులేసుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని గుమ్మం పక్క స్టూలు మీద కూర్చుంది.

"ఎక్కడికి?" అన్నాను.

"నాకెక్కడికీ లేదు. మీకుంది."

గంటన్నర అలాగే కూర్చుంది. నేను పేపరు రెండుసార్లు చదివాను. పెళ్ళి ప్రకటనలతో సహా.

ఏప్రిల్ 3

వెళ్ళాను. ఉత్తరం జేబులోనే పెట్టుకుని వెళ్ళాను, ఎందుకో.

నర్సరీ అంటే ఏదో నాలుగు కుండీలనుకున్నాను. ఎకరం ఉంది. నీడ గుడ్డ కింద వరసలు వరసలుగా గులాబీ అంట్లు. వాడు మోకాళ్ళకి రబ్బరు ముక్కలు కట్టుకుని నేల మీద కూర్చుని, చిన్న కుంచెతో ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకి అంటిస్తున్నాడు. బట్టతల. నాకంటే ముసలివాడిలా ఉన్నాడు, నాకంటే ఆరేళ్ళు చిన్నవాడు.

తల ఎత్తి చూశాడు. కుంచె కింద పెట్టలేదు. "రండి బావా. ఈ ఒక్కటీ అయిపోతే లేస్తా. మధ్యలో వదిలేస్తే ఎక్కడిదాకా వచ్చానో మరిచిపోతా."

అయ్యాక పువ్వుకి కాగితం తొడుగు వేసి చీటీ కట్టాడు. చీటీ మీద నెంబరు రాశాడు. అదే నెంబరు కుండీ మీద కూడా సుద్దతో రాశాడు. నేను చూస్తున్నానని తెలిసి, కొంచెం సిగ్గుపడి చేత్తో అడ్డం పెట్టాడు. అంతటి అవమానం నాకు డైరెక్టరు కూడా చెయ్యలేదు.

"పదిహేడు అని తేలిందట" అన్నాను నిలబడే.

"అక్క నిన్న ఫోనులో చెప్పింది. కూర్చోండి. ఆ బస్తా మీద కూర్చోకండి, ఎరువు."

"నువ్వేమైనా..." అని మొదలుపెట్టాను. కిటికీ సంగతి. ఎంత వెతికినా ఆ వాక్యానికి క్రియ దొరకలేదు.

వాడే అందుకున్నాడు. "మూతలు మారాయని నాకు మర్నాడే తెలుసు బావా."

"ఏంటీ?"

"పదకొండు పుప్పొడి సీసా నిండా వచ్చింది. పదిహేడుది సగమే వచ్చింది. ఆరబోసింది నేనే కదా. మీరు సిరంజిలోకి తీసింది సగం సీసాలోంచి. మర్నాడు కడుగుదామని తీస్తే నిండు సీసా ముట్టుకోకుండా ఉంది, దాని మీద పదిహేడో మూత. రెండూ ఒకేసారి బిగించారు, కంగారులో తారుమారైపోయాయి."

"నాకు కంగారేం లేదు."

"ఉంది బావా. ఫోను వచ్చింది కదా. నేను అన్నాను కదా, మీరు బయల్దేరండి, పొడి నేను ఊదుతా అని. మీరు నన్ను నమ్మలేదు. కాయలు ఇవాళే తెరుచుకున్నాయి, రేపటికి మూసుకుంటాయి, నలభై రెండే కదా, గంటన్నరలో అయిపోతుంది, నొప్పులన్నాక ఎలాగూ గంటల పని అన్నారు."

రాయనన్న సంగతి ఇదే. వాడి నోటితో వచ్చింది కాబట్టి రాస్తున్నాను. నేను ఆసుపత్రి చేరేసరికి ఒంటిగంట. బిడ్డ పన్నెండుకి పుట్టి, పన్నెండున్నరకి పోయింది. ఆడపిల్ల. మళ్ళీ పిల్లలు పుట్టలేదు. ఫోను ఆలస్యంగా వచ్చింది, రాగానే బయల్దేరాను అని మా ఆవిడతో చెప్పాను.

"సీసా సంగతి చెబుదామనే ఆసుపత్రికి వచ్చాను" అన్నాడు వాడు. "మీరు వరండాలో బల్ల మీద కూర్చునున్నారు. ముందురోజు చొక్కాయే, నిండా పసుప్పచ్చ పొడి. ఎలా చెప్పను?"

"సరే, సంచులెందుకు విప్పావు? మాటిచ్చావుగా?"

"అప్పటికి కాయలు మూసుకుని ఆరు రోజులైంది. లోపల చెమట పట్టి బూజొస్తోంది. మీరు పన్నెండు రోజులు రాలేదు. మాట నిలబెట్టి కాయలు కుళ్ళబెట్టమంటారా?" అప్పటికి మొదటిసారి గొంతు కొంచెం లేచింది. మంచిదే అనుకున్నాను. తిడతాడేమో అని ఆశపడ్డాను.

"నేను నివేదిక రాసినప్పుడు నోరెందుకు తెరవలేదురా? తెరిస్తే ఉద్యోగం ఉండేది కదా నీకు!"

"తెరిస్తే, మూతలెప్పుడు మారాయి అంటారు. పది గంటలకి అంటాను. పదికి ఫోను వచ్చింది కదా, పదకొండున్నర దాకా ఈయనిక్కడేం చేస్తున్నాడు అంటారు. పుస్తకాలు తీస్తారు. అందరికీ తెలుస్తుంది, మా అక్కకి తెలుస్తుంది." రబ్బరు ముక్కలు మోకాళ్ళ నుంచి విప్పుతూ, "ఉద్యోగందేముంది బావా, నాకు పైన్లంటే మొదట్నుంచీ విసుగు. రెండేళ్ళు ఆగాలి ఒక్క విత్తనానికి. టీ తాగుతారా?"

టీ తాగాను. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. నేను చెప్పాల్సిన మాట కూడా చెప్పలేదు, అడగలేదు కాబట్టి. గేటు దాకా వచ్చి గులాబీ మొక్క చేతిలో పెట్టాడు. కుండీ మీద నెంబరు, చీటీ మీద నెంబరు.

ఇంటికొచ్చాక మా ఆవిడ, "చెప్పారా?" అంది. చెప్పానన్నాను.

ఏప్రిల్ 4

చెప్పలేదు. వాడికీ చెప్పలేదు, ఈవిడకీ చెప్పలేదు.

ఏప్రిల్ 5

చెప్పలేదు.

ఏప్రిల్ 6

పువ్వుల బోర్డు మళ్ళీ దిద్దాను. పిల్ల ఖాయమయ్యాకే తిండి కూడబెట్టడంలో పొదుపు ఉందని ఒప్పుకోవాలి. రాని పిల్ల కోసం వండి పెట్టుకోవడం గొప్పతనం ఏమీ కాదు. ఆ తిండి ఏం చేసుకోవాలో ఆ తల్లికే తెలియాలి. 'గుమాస్తా బుద్ధి' కొట్టేశాను. కాగితం బాగాలేదు, సిరా ఒలికింది.

ఏప్రిల్ 8

ఇవాళ చెప్పాను. భోజనాల దగ్గర, మజ్జిగ పోస్తుంటే చెప్పాను. ఫోను పదికే వచ్చిందనీ, నేను పదకొండున్నర దాకా తోటలోనే ఉన్నాననీ. నలభై ఒక్కేళ్ళుగా మోసిన మాట చెప్పడానికి నలభై సెకన్లు కూడా పట్టలేదు.

ఆవిడ మజ్జిగ గిన్నె కింద పెట్టింది. "తెలుసు" అంది.

"వాడు చెప్పాడా?"

"వాడెందుకు చెప్తాడు? ఫోను చేయించింది నేనే కదా. నర్సుని పిలిచి, నెంబరు నేనే చెప్పి చేయించాను. మంచానికి ఎదురుగా గోడ మీద గడియారం. పది. అప్పటినుంచీ దాన్నే చూస్తూ పడుకున్నాను. ఇంకేం చూడను?"

అంత తేలికైన సంగతి. ఇన్ని పుస్తకాలు చదివిన బుర్రకి, ఆసుపత్రి గదిలో గడియారం ఉంటుందని తట్టలేదు.

"తెలిసీ ఎందుకు ఊరుకున్నావు?"

"మీరు చెప్తారేమోనని."

ఆ మాట అని, నా విస్తరి వంక చూసి, "చెయ్యి ఎండిపోతోంది, తినండి" అంది. తిన్నాను. పైన్ చెట్టు పదమూడు నెలలు ఆగుతుందని ఊళ్ళో వాళ్ళందరికీ బోర్డు కట్టి చెప్పబోయాను.

"తమ్ముడికి కూడా తెలుసా, నాకు తెలుసని?" అన్నాను చేయి కడుక్కుంటూ.

"నాకు తెలియకూడదనే కదా వాడి తాపత్రయం అంతా. వాణ్ణెందుకు నొప్పించడం అని ఊరుకున్నా."

ఏప్రిల్ 11

ఆ పిల్ల వచ్చింది. ఆరో మడి చెట్లు కొట్టరట. వంకరవే గానీ, రెండొందల చెట్లకి ఒకే తల్లీ ఒకే తండ్రీ అవడం పరిశోధనకి పనికొస్తుందట. జిగురు కూడా బాగా వస్తుందట. నా జీవితంలోకెల్లా మంచి సంకరం నేను చెయ్యాలనుకోనిది.

"బోర్డు మీద ఏం రాయమంటారు సార్? తల్లి నాలుగు, తండ్రి పదిహేడు. చేసినవారు మీరు. 'చెడగొట్టినవారు' అని కూడా ఒక వరస ఉండాలన్నారు, షరతు పెట్టారు."

ఆ వరస తీసెయ్యమన్నాను. నా పేరు కూడా వద్దన్నాను. ఆ పిల్ల వింతగా చూసి, రాసుకుంది.

ఉత్తరం ఇంకా జేబులోనే ఉంది. రెండో పేజీ ఇప్పటికీ బాగుంది. ఎవరికి పంపాలో తెలియక దాచాను.

గులాబీ మొక్క మొగ్గ వేసింది. మా ఆవిడ దాన్ని నా కిటికీలో పెట్టింది, ముందు అడగలేదు. నీళ్ళు నేనే పోస్తున్నాను. ఎవరో ఒకరు పొయ్యాలి కదా.

అన్నీ నెమ్మదిగా కూర్చుని ఆలోచించాను. మూత మార్చింది నేను. గంటన్నర ఆగింది నేను. సరే. ఒప్పుకుంటున్నాను, ఇక్కడ ఎవరూ చదవరు కాబట్టి. కానీ ఆ రోజు ఆసుపత్రి వరండాలో నా పక్కన కూర్చుని, 'బావా, సీసా తప్పు తీశారు, ఇంకా కూర్చున్నారేం, లోపలికి వెళ్ళి అక్కకి నిజం చెప్పండి' అని ఒక్క మాట అంటే పోయేదేమిటి? కొడితే కొట్టేవాణ్ణి. ఏడిస్తే ఏడ్చేవాణ్ణి. ఏడాది తలదించుకుని తిరిగి, మళ్ళీ మనిషినయ్యేవాణ్ణి. అలా కాకుండా నన్ను నలభై ఒక్కేళ్ళు సరైనవాడిగా బతకనిచ్చాడు. నా నివేదిక నెత్తిన పెట్టుకుని, కుంచె పట్టుకుని, గులాబీలకి రెండు చోట్ల నెంబర్లు రాసుకుంటూ కూర్చున్నాడు. ఒక మనిషిని ఇంతకంటే చెడగొట్టడం ఎవరివల్ల అవుతుంది?

రాసి పెట్టుకుంటున్నాను. ఇప్పటికీ తప్పు వాడిదే, నా బావమరిదిదే.